చిలుము కింద పేరు

రాత్రి ఎనిమిది దాటితే మడివాళ తెలుగు ఊరైపోతుంది. హైదరాబాదు, విజయవాడ, తిరుపతి బస్సుల కోసం సంచులతో రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ల మాటలు వింటుంటే బెంగళూరులో ఉన్నామని గుర్తుండదు. మనలో చాలామందికి మడివాళ అంటే ఆ బస్సుల చోటే. నాకు మాత్రం ఆ పేరు వినగానే ఉతకడం, తోమడం గుర్తొస్తాయి. కన్నడంలో మడివాళ అంటే బట్టలు ఉతికేవాడు. పన్నెండో శతాబ్దపు శివశరణుల్లో ఒకడైన మడివాళ మాచిదేవుడిది ఆ వృత్తే. మడి అనే మాట మనకూ ఉంది. బట్ట పాడవకుండా మురికి మాత్రమే వదిలించడం ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఇత్తడి విషయంలో ఆ కష్టం ఇంకా ఎక్కువ. బట్ట మీది మురికి బయటినుంచి వచ్చి అంటుకున్నది. ఇత్తడి మీది చిలుము ఇత్తడిలోంచే పుట్టింది.

ఈ అధ్యాయంలో మన చేతిలో ఉండే వస్తువు ఒక పాత పడవ ఇంజిను. పడవ లోపల కూర్చోబెట్టేది కాదు. వెనకపలక మీద తగిలించి, రెండు మరలతో బిగించి, పని అయ్యాక విప్పి భుజాన వేసుకుపోయే రకం. దీన్నే ఔట్‌బోర్డ్ మోటారు అంటారు. వరదల్లో మనుషుల్ని బయటికి తెచ్చే దళాలవాళ్లు ఓబీఎం అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు, సముద్రానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరం తన వీధుల్లోనే పడవలను చూసింది.

పాతసామాను కొట్లో, ఇక్కడివాళ్లు గుజిరీ అనే చోట, అలాంటి ఇంజినొకటి మీకు దొరికిందనుకుందాం. పైన గుండ్రటి ట్యాంకు, దాని దగ్గర బరువైన చక్రం, కిందికి పొడుగాటి గొట్టం, చివర రెండు రెక్కల ప్రొపెల్లరు. ఒళ్లంతా నలుపు, గోధుమరంగు, అక్కడక్కడ ఆకుపచ్చ. ఇంటికి తేగానే ఎవరికైనా చేతులు దురదపెడతాయి. చింతపండు నానబెట్టి ఒక పట్టు పడదామనిపిస్తుంది. అక్కడే ఆగమని చెప్పడానికే ఈ అధ్యాయం రాస్తున్నాను.

మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఉంది. ఎవరు ఇచ్చారో, ఎవరి పెళ్లికి ఇచ్చారో సన్నటి చుక్కలతో అంచు మీద కొట్టిస్తారు. మా అమ్మమ్మ బిందె మీద అలాంటి వరుస ఒకటి ఉండేది. యాభై ఏళ్లు రోజూ చింతపండు, బూడిద వేసి తోమితే బిందె బంగారంలా మెరిసింది గానీ ఆ వరుసలో మొదటి రెండక్షరాలే మిగిలాయి. మిగతావి ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. పాత ఇంజిను మీద ఉన్న రాత కూడా అలాగే పోతుంది. యాభై ఏళ్లు కూడా అక్కర్లేదు, కరెంటు మోటారుకు బిగించిన తీగ బ్రష్షుతో పది నిమిషాలు చాలు.

కాబట్టి మొదట చదవాలి. మడివాళ సోమేశ్వరాలయం గోడల మీద 13వ శతాబ్దపు తమిళ శాసనాలున్నాయి, వాటిలో ఒకటి 1247 నాటిది. శాసనాలు చదివేవాళ్లు రాయిని గీకరు. తడి కాగితం పరిచి, బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి అది దిగేలా తట్టి, పైన సిరా అద్ది అచ్చు తీస్తారు. ఇంజిను పేరుపలకకు అంత తతంగం అవసరం లేదు. పలచటి కాగితం వేసి మెత్తటి పెన్సిలు అడ్డంగా రుద్దితే చాలు. చీకటి గదిలో టార్చిని పలకకు దాదాపు సమాంతరంగా పట్టుకుని ఫోటో తీస్తే, పట్టపగలు కనిపించని అంకెలు కూడా నీడలతో లేచి నిలబడతాయి.

ఏం వెతకాలి? తయారీదారు పేరు పోతపోసిన భాగాల మీద ఉబ్బెత్తుగానో, ట్యాంకుకు బిగించిన పలక మీదో, పైచక్రం మీదో ఉంటుంది. వరుస సంఖ్యను తరచు విడిగా పోటుతో కొట్టి ఉంటారు. పేటెంటు తేదీలు కనిపిస్తే పొంగిపోకండి. 1911 అని ఉంటే ఆ ఇంజిను 1911లో పుట్టిందని అర్థం కాదు, అంతకుముందు పుట్టలేదని మాత్రమే. అదే పేటెంటును పదేళ్ల తర్వాత తయారైన ఇంజిను మీద కూడా కొట్టి ఉండవచ్చు.

ఆ 1911 పేటెంటు ఓలే ఎవిన్‌రూడ్‌ది. 1877లో నార్వేలో పుట్టి, చిన్నప్పుడే అమెరికాలోని విస్కాన్సిన్‌కు చేరిన మనిషి. 1906 ఎండాకాలంలో ఓకాచీ చెరువులో, కాబోయే భార్య బెస్ అడిగిందని ఐస్‌క్రీము కోసం తెడ్డు వేసుకుంటూ వెళ్లి, తిరిగొచ్చేసరికి అది కరిగిపోయిందనీ, అప్పుడే పడవకు ఇంజిను తగిలించాలని తోచిందనీ చెప్పుకుంటారు. అంతకుముందే, 1905లో, కామెరాన్ వాటర్‌మన్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి డెట్రాయిట్ నదిలో తన ఇంజినును పరీక్షించాడు. ఔట్‌బోర్డ్ మోటారు అన్న పేరును వాడుకలోకి తెచ్చింది కూడా అతనే అంటారు. అయినా వ్యాపారంగా నిలబెట్టింది ఎవిన్‌రూడ్ దంపతులే. 1909లో వాళ్లు అమ్మిన ఇంజిను ఒకటిన్నర హార్స్‌పవరు, బరువు 62 పౌండ్లు, ధర 62 డాలర్లు. లెక్కలు చూసింది, ప్రకటనలు రాసింది బెస్. ఆమె ఆరోగ్యం దెబ్బతినడంతో కొన్నేళ్లకే కంపెనీ అమ్మేశారు. తర్వాత ఓలే అల్యూమినియంతో తేలికపాటి జంట సిలిండర్ల ఇంజిను తయారుచేసి, 1921 ప్రాంతంలో ఎల్టో అనే కొత్త పేరుతో తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడే ఇండియానాలోని జాన్సన్ సోదరులు రెండు హార్స్‌పవరు ఇంజినును 35 పౌండ్లకు దించారు.

ఈ బరువుల కథ ఎందుకు చెప్పానంటే, పేరు పూర్తిగా చెరిగిపోయిన ఇంజినుకు వయసు కట్టడంలో తూకం గట్టి సాక్ష్యం. ఇత్తడి సాంద్రత నీటికి ఎనిమిదిన్నర రెట్లు, ఇనుముది ఏడు పాయింట్ తొమ్మిది, అల్యూమినియానిది రెండు పాయింట్ ఏడు. ఒక్క హార్స్‌పవరుకు పద్దెనిమిది కిలోలకు పైగా మోస్తున్న ఇంజిను, ఎనిమిది కిలోలు మోస్తున్న ఇంజిను ఒకే దశాబ్దానివి అయ్యే అవకాశం తక్కువ. మొదటిది పోత ఇనుము, కంచు, ఇత్తడి కాలంది. రెండోది అల్యూమినియం వచ్చాకది.

తూకం తర్వాత చక్రం చూడండి. దాని అంచున చేత్తో పట్టుకుని తిప్పే పిడి ఉంటే చాలా పాతది. ఇంజిను అందుకోగానే ఆ పిడి కూడా తిరిగి ఎందరి వేళ్లనో చితక్కొట్టింది. తాడు చుట్టే గాడి ఉంటే తర్వాతి తరం. తాడు తనంతట తాను వెనక్కి చుట్టుకునేది ఇంకా తర్వాతది. బయట బ్యాటరీకి తీగలు పోయే ఏర్పాటు ఉందా, చక్రం కిందే అయస్కాంతాలతో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఉందా అన్నది మరో ఆనవాలు. సిలిండరు ఒకటా, ఎదురెదురుగా పడుకున్న జంటా? స్వీడన్‌లో హుల్ట్ సోదరుల ఆర్కిమిడీస్ ఇంజిన్లు ఎదురెదురు జంటతో 1910 దశకంలోనే వచ్చాయి. కనుక జంట కనిపించగానే కొత్తదనుకోకూడదు. ఎవిన్‌రూడ్, ఎల్టో, లాక్‌వుడ్ కంపెనీలు 1929లో ఒకటయ్యాయి, 1936లో జాన్సన్ కూడా వాటితో కలిసింది. పలక మీద ఈ పేర్లు కలిసి కనిపిస్తే ఆ తేదీలే కింది హద్దు. బ్రిటన్‌లో 1931లో మార్‌స్టన్ పేరుతో మొదలై 1996 దాకా తయారైన సీగల్ ఇంజిన్లకు అంకెల ముందున్న అక్షరాలే మోడలు చెబుతాయి. చాలా తర్వాతి వాటిలో చివరి గుర్తు నెలను, ఏడును కూడా చెబుతుంది. ఒక్క అక్షరం అరిగిపోతే ఎంత నష్టమో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఇక చిలుము సంగతి. ఇనుముకు పట్టేదాన్ని తెలుగు తుప్పు అంటుంది, రాగికీ ఇత్తడికీ పట్టేదాన్ని చిలుము అంటుంది. రసాయనశాస్త్రం ఈ తేడాను ఒప్పుకుంటుంది. తుప్పు గుల్లగా పెరిగి పెచ్చులుగా రాలుతుంది, కింద కొత్త ఇనుమును తినడానికి దారి ఇస్తూనే ఉంటుంది. రాగి మీద ఏర్పడే ఎర్రటి ఆక్సైడు పొర మాత్రం లోహాన్ని అంటిపెట్టుకుని, కింద జరిగే పనిని నెమ్మదింపజేస్తుంది. అందుకే గోధుమరంగు తిరిగి నిలకడగా ఉన్న ఇత్తడిని చూసి భయపడక్కర్లేదు. నిజానికి నాకు ఆ రంగే ఇష్టం.

రంగుల్ని వేరుచేసి చూస్తే ఆ ఇంజిను ఏ నీళ్లలో బతికిందో తెలుస్తుంది. నల్లటి పొర సాధారణంగా ఆక్సైడు, సల్ఫైడు. ఆ సల్ఫైడు ఎక్కడినుంచి వస్తుందో ఇక్కడి చెరువులే చెబుతాయి. మడివాళ చెరువు సుమారు 114 హెక్టార్లు. అక్కడ పొంగిన నీళ్లు అగర మీదుగా బెళ్లందూరు చేరతాయి. నురగతో, 2017లో నీటి మీద లేచిన మంటతో బెళ్లందూరు దేశానికంతటికీ తెలిసింది. మురుగు చేరి ప్రాణవాయువు కరువైన నీళ్లలో సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అలాంటి చెరువు గట్టున ఉన్న ఇంట్లో తోమిన చెంబు ఇట్టే నల్లబడుతుంది, తోమినవాళ్ల తప్పేమీ లేదు.

ఆకుపచ్చలో రెండు రకాలు. గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్నది పాతది, శాంతించింది. పాలిపోయిన పచ్చటి పొడిలా గుంటల్లో ఉండి, బ్రష్షుతో దులిపేసినా వర్షాకాలంలో మళ్లీ పొడుచుకొచ్చేది వేరు. అది ఉప్పు చేసిన పని. లోహం లోపల క్యూప్రస్ క్లోరైడు చిక్కుకుని, తేమ, గాలి తగిలినప్పుడల్లా ఆకుపచ్చ లవణంగా మారుతూ, ఆ క్రమంలో ఆమ్లం పుట్టించి మరికాస్త లోహాన్ని తింటుంది. దీన్ని కంచు రోగం అంటారు గానీ ఇత్తడికీ వస్తుంది. గాలిలో తేమ 42 శాతం కంటే దిగువన ఉంటే ఇది నిద్రపోతుంది. బెంగళూరు వానాకాలంలో అంత పొడి గాలి దొరకదు. భీమిలి ఒడ్డునుంచి వచ్చిన ఇంజినుకు ఈ జబ్బు ఉందేమో తప్పక చూడాలి.

నేను అన్నిటికన్నా ముందు వెతికేది గులాబీరంగు మచ్చ. ఇత్తడి పసుపుగా ఉండాలి. ప్రొపెల్లరు మీదో, నీళ్లు తోడే పంపు మీదో రాగి ఎరుపు మచ్చ కనిపించిందంటే అక్కడ జింకు వెళ్లిపోయింది. ఇత్తడిలో రాగి, జింకు రెండూ కలిసి ఉన్నా నీళ్లలో వాటి స్వభావాలు వేరు. ప్రామాణిక విభవాల పట్టికలో జింకు మైనస్ 0.76 వోల్టుల దగ్గర, రాగి ప్లస్ 0.34 దగ్గర ఉంటాయి. ఉప్పునీరు దొరికితే జింకు ముందు కరుగుతుంది. రాగి కూడా కరిగి తిరిగి అక్కడే పేరుకుంటుందన్న వివరణ ఉంది. ఎలా జరిగినా చివరకు మిగిలేది స్పంజిలాంటి రాగి. ఆకారం చెక్కుచెదరదు, అంకెలు కూడా చదవగలం, కానీ వేలితో గట్టిగా నొక్కితే విరగవచ్చు. జింకు 15 శాతం లోపు ఉన్న ఇత్తడికి ఈ బాధ దాదాపు లేదు. మాంగనీస్ కంచు అని గొప్పగా పిలిచే ప్రొపెల్లరు లోహానికి మాత్రం ఉంది. పేరు కంచే గానీ అందులో దాదాపు 40 శాతం జింకు ఉంటుంది. అది ఇత్తడే. అలాంటి మచ్చ కనిపించిన భాగాన్ని ఆమ్లంలో ముంచవద్దు, తోమవద్దు. అది అద్దాల బీరువాలో ఉండాల్సిన వస్తువు.

జింకు గురించి ఒక్కమాట. అది 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. ఖనిజాన్ని కాల్చితే లోహం పొగై పోతుంది, చేతికి చిక్కదు. ఆ ఆవిరిని పట్టి లోహంగా దించే బట్టీలు రాజస్థాన్‌లోని జావర్‌లో మధ్యయుగాల్లోనే పెద్ద ఎత్తున నడిచాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం చాంపియన్ ఆ పనికి పేటెంటు తీసుకున్నది 1738లో. శ్రీకాకుళం జిల్లా బుడితిలో, గోదావరి జిల్లాల్లోని అజ్జరంలో, జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పనివాళ్ల చేతుల్లో ఉన్నది ఇంత పొడుగు చరిత్ర. పాత ఇంజినుకు రేకు పని అవసరమైతే లేతు మిషను దగ్గరికి కాక అలాంటి చేతుల దగ్గరికి తీసుకెళ్లమంటాను.

సరే, చదివారు, ఫోటోలు తీశారు, గులాబీ మచ్చ లేదని తేల్చుకున్నారు. ఇప్పుడు కడుగుదాం. ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే అది ఇత్తడి కాదు, పూత వేసిన ఇనుము. వెండిలా తెల్లగా మెరిసే చోట్లు కనిపిస్తే అది నికెల్ పూత కావచ్చు. దాన్ని మురికి అనుకుని రుద్దేస్తే మళ్లీ రాదు. ట్యాంకును ఏ పరిస్థితిలోనూ వేడి చేయకండి. తొలితరం ట్యాంకులు తరచు ఇత్తడి రేకుతో చేసి టంకం పెట్టినవి. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న ట్యాంకు కూడా పేలవచ్చు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా గీకకూడదు.

గట్టిపడ్డ నూనెను కిరోసిన్‌తో తడిపి, మెత్తటి కుంచెతో తీయాలి, ఆరుబయట, పొయ్యికి దూరంగా. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో కుంకుడురసం. కుంకుడులోని సాపొనిన్లు నూనెను నీటితో కలుపుతాయే గానీ లోహం జోలికి అంతగా పోవు. చాలా ఇంజిన్లకు ఈ రెండూ సరిపోతాయి. ఇక్కడితో ఆపేసినవాళ్లే నా లెక్కలో మంచి పనివాళ్లు.

ఇంకా నల్లటి పొర అక్షరాల్ని కప్పేస్తుంటే అప్పుడు చింతపండు. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. చింతపండు గుజ్జులో 8 నుంచి 18 శాతం దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. అది రాగి ఆక్సైడును కరిగించి, రాగిని కట్టిపట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది. లోహపు రాగి మాత్రం ఆమ్లంలోని హైడ్రోజన్‌ను వెళ్లగొట్టలేదు, కనుక తొందరగా కరగదు. జింకు వెళ్లగొట్టగలదు. ముంచి వదిలేసి సినిమాకు పోతే, చిలుము అయిపోయాక ఆమ్లం జింకును అందుకుంటుంది, మెరుపుకు బదులు గులాబీ ఛాయ వస్తుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు కాచవద్దని పెద్దవాళ్లు అన్నదీ ఈ రసాయనం వల్లే. అందుకని పలచటి పులుసు, దూదితో అద్దడం, రెండు మూడు నిమిషాలు, వెంటనే కడగడం. వంటింట్లో మనం చిటికెడు ఉప్పు కూడా వేస్తాం. క్లోరైడు తోడైతే చిలుము చురుగ్గా కదులుతుంది, నిజమే. చెంబుకు పర్వాలేదు, ఆ పూటే నాలుగు నీళ్లతో కడుగుతాం. ఇంజిను కీళ్లలో, గాడుల్లో దిగిన ఉప్పు మాత్రం బయటికి రాదు. కంచు రోగాన్ని మన చేత్తో నాటినట్లవుతుంది. ఇంజినుకు ఉప్పు వద్దు. ఇటుకపొడి, ఇసుక, ఇనుప పీచు అసలే వద్దు.

కడిగాక చిటికెడు వంటసోడా నీళ్లతో ఆమ్లాన్ని చంపి, మళ్లీ డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. మ్యూజియంలవాళ్లు ఆ తర్వాత బెంజోట్రయజోల్ అనే పదార్థం వాడతారు. అది రాగితో కలిసి కంటికి కనిపించని పొర కడుతుంది. అది ఒంటికి మంచిది కాదు, చేతితొడుగులు తప్పనిసరి. ఇంట్లోవాళ్లకు పలచగా పూసి మెత్తటి గుడ్డతో తుడిచిన మైనం చాలు.

బజారులో దొరికే మెరుపు ద్రవాల గురించి అడుగుతారు. చాలావాటిలో ఉండేవి రెండు: మెత్తటి గరుకు పొడి, అమ్మోనియా. పొడి అక్షరాల అంచుల్ని అరగదీస్తుంది. అమ్మోనియా చేసే పని ఇంకా లోతైనది, దాని కథ మన దేశంలోనే మొదలైంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో నిల్వ చేసిన ఇత్తడి తూటా గుల్లలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. దెబ్బ తగల్లేదు, మందు పేలలేదు, అయినా నిలువునా చీలికలు. కాలాన్నిబట్టి వచ్చే చీలిక గనక సీజన్ క్రాకింగ్ అన్నారు. మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ 1921లో గుట్టు విప్పారు. రేకును సాగదీసి గుల్లగా మలిచినప్పుడు లోహం లోపల బిగువు మిగిలిపోతుంది. గుర్రపుశాలల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వాన తేమతో కలిసి ఆ బిగువున్న చోటే లోహపు రేణువుల మధ్య సందుల్లోకి దూరి చీల్చేస్తుంది. గుల్లల్ని తగినంత వేడిచేసి బిగువు తీసేస్తే చీలికలు ఆగిపోయాయి. పాత ఇంజిను ట్యాంకు అంచుల్ని, పెట్రోలు గొట్టాల వంపుల్ని కూడా చల్లగానే మలిచారు. అక్కడ ఆ బిగువు ఇప్పటికీ ఉండవచ్చు, ట్యాంకును వేడిచేసి తీసే అవకాశం మనకు లేదు. చెంబు మీద వాడుకునే ద్రవాన్ని ఆ వంపుల మీద నేను వాడను.

తిరిగి బిగించేటప్పుడు ప్రొపెల్లరు ఇరుసులో అడ్డంగా దూర్చిన చిన్న మేకును గమనించండి. దాన్ని మెత్తటి లోహంతో, చాలాసార్లు ఇత్తడితోనే చేస్తారు. రెక్క రాయికి కొట్టుకుంటే ముందు అదే తెగి, లోపలి పళ్లచక్రాల్ని కాపాడాలని. అది తెగి ఉంటే బదులుగా ఇనుప మేకు వేయకండి, ఇత్తడిదే చేయించండి. తెగిన పాత ముక్కల్ని చిన్న సంచీలో కట్టి, పెన్సిలు అచ్చు తీసిన కాగితంతో పాటు దాచండి. వెనకపలకకు బిగించే మరల కింద, ఎవరికీ కనిపించని చోట, అరచేయంత చిలుమును ముట్టుకోకుండా అలాగే ఉంచండి. ఆ ఇంజిను ఏ నీళ్లలో తిరిగిందో మనకంటే బాగా చదవగలిగినవాళ్లు రేపు వస్తే, వాళ్లు అడిగేది ఆ ముక్కనే.